తడిసిన కార్బన్ పేపర్‌లో ఆక్సిజన్ ప్రయాణం: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ముందు కాగితం మీద లెక్క. ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు తీసే పరికరం. దాని కాథోడ్ వైపు, అంటే ఆక్సిజన్ అందే వైపు, చదరపు సెంటీమీటరుకు 1 ఆంపియర్ కరెంటు తీస్తే గంటకు సుమారు 0.34 గ్రాముల నీళ్లు పుడతాయి. ఆ వైపు గ్యాస్ లోపలికీ నీళ్లు బయటికీ పోవడానికి పెట్టే పొర కార్బన్ పేపర్. మా దగ్గరున్నది టోరే కంపెనీ టీజీపీ-హెచ్-090 రకం. మందం 280 మైక్రాన్లు (0.28 మి.మీ.), అందులో 78 శాతం ఖాళీ జాగా. అంటే చదరపు సెంటీమీటరు పేపర్‌లో పట్టే నీళ్లు 0.022 గ్రాములు. పుట్టిన నీళ్లు ఎటూ పోకపోతే నాలుగు నిమిషాలు తిరక్కుండానే పేపర్ మొత్తం నిండిపోతుంది.

ఇబ్బంది ఏమిటంటే ఆక్సిజన్ లోపలికి వెళ్లాల్సింది కూడా ఆ పేపర్‌లోంచే. గాలిలో ఆక్సిజన్ డిఫ్యూజన్ గుణకం (తనంతట తాను ఎంత వేగంగా పాకుతుందో చెప్పే సంఖ్య) సెకనుకు 0.2 చదరపు సెంటీమీటర్లు. నీళ్లలో 0.00002. పదివేల రెట్లు తేడా. నీళ్లు నిండిన రంధ్రం ఆక్సిజన్‌కి గోడతో సమానం.

పేపర్ 30 శాతం తడిస్తే దారి ఎంత మూసుకుపోతుంది, 60 శాతం తడిస్తే ఎంత? ఇదే మా ప్రశ్న. సిమ్యులేషన్లు రాసేవాళ్లు సాధారణంగా, పొడిగా మిగిలిన భాగాన్ని ఏదో ఒక ఘాతానికి ఎక్కించి (వర్గం చేస్తే ఘాతం 2), వచ్చిందే మిగిలిన దారి అనుకుని పని కానిచ్చేస్తారు. ఆ ఘాతం ఎంతో మేమే కొలిచి చూడాలని కూర్చున్నాం. (ఈ డైరీలో 'తడి శాతం' అంటే ఖాళీ జాగాలో నీళ్లు ఆక్రమించిన వాటా.)

పేపర్ మందం వెంబడి కొలవడం మా వల్ల కాదు. 280 మైక్రాన్లు దాటడానికి ఆక్సిజన్‌కి పట్టేది పది మిల్లీసెకన్ల లోపు. దాన్ని పట్టుకునే సెన్సర్ మా దగ్గర లేదు. అందుకే అడ్డంగా, పేపర్ పొడవు వెంబడి 5 సెంటీమీటర్లు నడిపిస్తాం. పైగా నిజం సెల్‌లోనూ గ్యాస్ చానెళ్ల మధ్య ఉండే గట్ల కిందికి ఆక్సిజన్ అడ్డంగానే పాకాలి కాబట్టి ఈ కొలత దండగేమీ కాదు.

4వ రోజు

సెటప్ తయారైంది. రెండు అల్యూమినియం ప్లేట్లు, వాటి మధ్య 5 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు పేపర్ ముక్క. పొడవాటి అంచులు రెండూ సీల్ చేశాం. ఒక చివర గాలికి తెరిచి ఉంటుంది, రెండో చివర మూసి ఉంటుంది. మూసిన చివర ఆక్సిజన్ సెన్సర్, దాని పక్కనే నైట్రోజన్ వచ్చే సన్నటి రంధ్రం.

పద్ధతి తేలిక. నైట్రోజన్ పంపి పేపర్‌లోని ఆక్సిజన్ అంతా తోసేయాలి. వాల్వ్ కట్టేయాలి. తెరిచిన చివర నుంచి గాలి మెల్లగా లోపలికి పాకి సెన్సర్ దాకా వస్తుంది. ఆ పెరుగుదల గ్రాఫ్ చాలు. మొదట్లో కాసేపు కదలిక ఉండదు, తర్వాత ఇంకా రావాల్సిన ఆక్సిజన్ లోటు ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది. ఆ తగ్గుదలకు ఒక టైమ్ కాన్‌స్టాంట్ (లోటు సుమారు మూడో వంతుకి తగ్గడానికి పట్టే సమయం) వస్తుంది. పొడవు వర్గాన్ని ఆ టైమ్‌తోనూ 2.47తోనూ భాగిస్తే గుణకం చేతికొస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, గోడ మీద రాసి పెట్టాను. ఇలా వచ్చేది అసలు డిఫ్యూజన్ గుణకం కాదు, దాన్ని గాలి ఉన్న జాగా వాటాతో భాగించిన సంఖ్య. కాబట్టి తడి శాతం తప్పుగా తెలిస్తే జవాబు రెండు చోట్ల తప్పుతుంది.

సెన్సర్ విషయంలో ఒక రోజు పోయింది. మొదట వాడింది గాల్వానిక్ సెన్సర్. అది కొలిచే ఆక్సిజన్‌ని తనే తినేస్తుంది. పైగా దాని ముందున్న ఖాళీ గది మా పేపర్‌లోని మొత్తం ఖాళీ జాగా అంత ఉంది. అంటే పేపర్‌ని కొలవడం మానేసి గది నిండడాన్ని కొలుస్తున్నాం. తీసేసి ఫైబర్ సెన్సర్ పెట్టాం. దాని కొనమీద ఒక రంగు పూత, కాంతి పడితే మెరుస్తుంది, ఆక్సిజన్ తగిలితే మెరుపు తగ్గుతుంది. ఆక్సిజన్‌ని తినదు. కొన సరిగ్గా పేపర్ అంచుకు ఆనుకునేలా బిగించాం.

6వ రోజు

పేపర్ లేకుండా, ప్లేట్ల మధ్య ఖాళీ సందుతో పరీక్ష. జవాబు ముందే తెలిసిన పరీక్ష ఇదొక్కటే, 25 డిగ్రీల దగ్గర టైమ్ కాన్‌స్టాంట్ 49 సెకన్లు రావాలి. వచ్చింది 38.

సగం రోజు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాం. చివరికి చూస్తే పైన ఫ్యాన్ తిరుగుతోంది. తెరిచిన చివర దగ్గర గాలి విసురు సందులోకి కొంత దూరం దూరిపోతోంది, 5 సెం.మీ. ప్రయాణం కాస్తా 4.4 సెం.మీ.కి తగ్గిపోతోంది. సెల్ మీద పెద్ద అట్టపెట్టె బోర్లించాం. 49, 50, 49.

ఇంకో చిన్న తేడా: గ్రాఫ్ చివర 20.9 శాతం దగ్గర ఆగాల్సింది 19.8 దగ్గరే ఆగుతోంది. నైట్రోజన్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. మార్చాం.

9వ రోజు

పొడి పేపర్. మూడు కొలతలు 64, 65, 66 సెకన్లు. లెక్క వేస్తే ఖాళీ గాలితో పోలిస్తే డిఫ్యూజన్ 0.59 వంతు. 1935 నాటి బ్రగ్గెమాన్ సూత్రం ప్రకారం 78 శాతం ఖాళీకి 0.69 రావాలి. ఈ తేడా చూసి కంగారు పడలేదు. ఆ సూత్రం గుండ్రటి రేణువుల మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకున్నది. మా పేపర్‌లో 7 మైక్రాన్ల కార్బన్ పోగులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, వాటి కూడళ్లలో బైండర్ (పోగుల్ని అంటించి ఉంచే పదార్థం) సాలెగూడులా పరుచుకుని ఉంటుంది. దారి ఇంకాస్త మెలికలు తిరగడం సహజం.

గది టెంపరేచర్ కూడా రాస్తున్నాను. ఒక డిగ్రీ పెరిగితే గుణకం 0.6 శాతం పెరుగుతుంది. పొద్దునకీ మధ్యాహ్నానికీ అయిదు డిగ్రీలు తేడా ఉంటే 3 శాతం అక్కడే పోయింది.

"ఎండిన పేపర్ మర్యాదగానే ఉంటుంది. తడిపాక మాట్లాడదాం" అన్నారు మా మేడమ్.

12వ రోజు

తడపడం అనుకున్నంత తేలిక కాదు. నీళ్లలో వేస్తే పేపర్ పీల్చుకోదు. కార్బన్‌కి నీళ్లంటే పెద్ద ఇష్టం లేదు. పైన తేలుతూ ఉంటుంది, కిందికి నొక్కినా లోపలి గాలి బయటికి రాదు.

పేపర్‌ని నీళ్లలో ముంచి, పైన స్టీలు జాలీ బరువు పెట్టి, డెసికేటర్‌లో (గాలి చొరబడని మూత పాత్ర) వాక్యూమ్ లాగాం. బుడగలు వరస కట్టాయి. గది వేడిమికి 3.2 కిలోపాస్కల్ దగ్గరే నీళ్లు మరగడం మొదలవుతుంది కాబట్టి 5 దగ్గర పంపు ఆపేసి, మెల్లగా గాలి వదిలాం. బయటి గాలి ఒత్తిడే నీళ్లని రంధ్రాల్లోకి తోస్తుంది. మా ముక్కలో మొత్తం ఖాళీ 0.328 ఘన సెంటీమీటర్లు. తూకంలో ఎక్కిన నీళ్లు 0.319 గ్రాములు. 97 శాతం. పైన అంటుకున్న నీళ్లని తడి ఫిల్టర్ పేపర్‌తో అద్ది తీశాకే తూచాం. పొడి ఫిల్టర్ పేపర్ అయితే లోపలివి కూడా లాగేస్తుంది.

ఆ తర్వాత కావలసిన బరువు వచ్చేదాకా ఆరబెట్టి, సెల్‌లో బిగించడమే. 3 మిల్లీగ్రాములు తగ్గితే తడి ఒక శాతం తగ్గినట్టు.

14వ రోజు

60 శాతం తడితో మొదలుపెట్టి ఒకే ముక్క మీద అయిదు రన్‌లు తీశాం. ప్రతి రన్‌కీ ఆక్సిజన్ ముందుకంటే తొందరగా వస్తోంది. విప్పి తూచితే తడి 49 శాతమే ఉంది.

ఆలోచించాల్సింది ముందే. పొడి నైట్రోజన్ నిమిషానికి 100 మిల్లీలీటర్ల చొప్పున మూడు నిమిషాలు పంపితే 0.3 లీటరు. 25 డిగ్రీల దగ్గర ఘన మీటరు గ్యాస్ 23 గ్రాముల ఆవిరి మోయగలదు. అంటే ఇలా నైట్రోజన్ పంపిన ప్రతిసారీ 7 మిల్లీగ్రాముల దాకా నీళ్లు ఎగిరిపోతాయి. అయిదు రన్‌లకి పది శాతం పైమాటే. కొలవబోయేదాన్ని కొలిచే పనే ఎండబెడుతోంది.

నైట్రోజన్‌ని నీళ్ల సీసాలోంచి బుడగలుగా పంపి తేమ ఎక్కించాం. అట్టపెట్టెలో కూడా తడి స్పాంజి పెట్టాం, తెరిచిన చివర నుంచి ఆరకుండా. దీంతో రెండు కొత్త తలనొప్పులు. సీసా సెల్ కంటే ఒక డిగ్రీ వేడిగా ఉన్నా ఆవిరి సెల్‌లో చెమటలా పడుతుంది, అందుకని సీసానీ సెల్‌నీ ఒకే మందపాటి లోహపు పలక మీద పెట్టాం. రెండోది, సీసా నీళ్లలోనే కరిగిన ఆక్సిజన్ ఉంటుంది, లీటరుకి 8 మిల్లీగ్రాములు. అదంతా నైట్రోజన్‌తో కలిసి వస్తున్నంత సేపు సెన్సర్ సున్నాకి దిగదు. ఇప్పుడు సెల్‌కి కలపకముందే అరగంట బుడగలు పోనిస్తున్నాం. తేమ గాలిలో ఆక్సిజన్ 20.9 కాదు, 20.3 అని కూడా సరిదిద్దుకోవాలి.

ఇప్పుడు రన్‌కి నష్టం ఒక మిల్లీగ్రాము లోపే.

19వ రోజు

మొదటి సరైన సెట్ అనుకున్నాం. 60 శాతం తడి దగ్గర టైమ్ కాన్‌స్టాంట్ 182 సెకన్లు. పొడి పేపర్ 65తో పోల్చి, గాలి జాగా తగ్గినందుకు సరిచేస్తే డిఫ్యూజన్ 0.14 వంతు మిగిలింది. ఘాతం 2.1. మిగతా పాయింట్లు కూడా అదే గీత పక్కన బుద్ధిగా కూర్చున్నాయి. నా పార్ట్‌నర్ గ్రాఫ్‌ని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు.

మేడమ్ గ్రాఫ్ చూసి ఏమీ అనలేదు. "పేపర్ తీసేసి, అంతే మందం ప్లాస్టిక్ షీట్ పెట్టి ఒక రన్ తీశారా?" అని అడిగారు. తీయలేదండీ అన్నాం.

20వ రోజు

తీశాం. ప్లాస్టిక్ షీట్‌లో రంధ్రాలు లేవు, ఆక్సిజన్ రాకూడదు. నిమిషం తిరిగేసరికి వచ్చేసింది.

డయల్ గేజ్ (మైక్రాన్లలో ఎత్తుపల్లాలు చూపే ముల్లు మీటర్) పెట్టి చూస్తే పై ప్లేట్ బోల్టుల బిగింపుకి మధ్యలో 10 మైక్రాన్లు ఉబ్బింది. షీట్‌కీ ప్లేట్‌కీ మధ్య సన్నటి సందు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదేమో, దానికే ఇంత కథా అనిపించింది. లెక్క వేశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

పేపర్ పొడిగా ఉన్నప్పుడు సందు మోసే ఆక్సిజన్ పేపర్ మోసేదాంట్లో 6 శాతం. సందులో గాలి జాగా కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి టైమ్ కాన్‌స్టాంట్‌లో కనిపించే తేడా ఒక్క సెకను. రన్‌కీ రన్‌కీ మధ్య తేడాలోనే కలిసిపోతుంది. అదే 60 శాతం తడిసినప్పుడు పేపర్ దారి పదో వంతుకి మూసుకుపోతుంది, సందు మాత్రం అలాగే తెరిచి ఉంటుంది. అప్పుడు కొలిచిన గుణకం అసలుకంటే 40 శాతం పైగా ఎక్కువ వస్తుంది. పొడి పరీక్షలన్నిట్లో పాసై, తడిపాక మాత్రమే బయటపడే తప్పు ఇది. పొడి రన్‌లు ఎన్నిసార్లు తీసినా దొరికేది కాదు.

వాల్‌పేపర్ మారింది.

24వ రోజు

సందు మూయడానికి ముందు మెత్తటి సిలికోన్ షీట్ పరిచాం. పేపర్‌ని బాగా హత్తుకుంది. ప్లాస్టిక్ పరీక్షలో ఆక్సిజన్ మళ్లీ వచ్చింది, ఈసారి మెల్లగా. సిలికోన్ రబ్బరులోంచి ఆక్సిజన్ సులువుగా దూరిపోతుందన్న సంగతి తెలిసీ మర్చిపోయాం. తీసి పారేశాం.

చివరికి మందపాటి ప్లేట్లు, వాటి మధ్య దూరం ఖాయం చేయడానికి 250 మైక్రాన్ల షిమ్ (సన్నటి రేకు). పేపర్ 30 మైక్రాన్లు నలుగుతుంది, పోగులు ప్లేట్లకి ఒత్తుకుంటాయి, సందు ఉండదు. అసలు సెల్‌లో కూడా పేపర్ నలిగే ఉంటుంది కాబట్టి మనసు ఒప్పుకుంది. ప్లాస్టిక్‌తో రన్: పదిహేను నిమిషాలు సున్నా దగ్గరే. అంత అందమైన సమతల గీత ఈ నెలలో చూడలేదు.

నలిపితే లెక్కలు మారతాయి. ఖాళీ జాగా 78 నుంచి 75 శాతానికి దిగింది. ఇంకా ముఖ్యమైనది, నీళ్లు అవే, జాగా తగ్గింది. బయట తూచినప్పుడు 60 శాతం తడి అనుకున్న పేపర్ ప్లేట్ల మధ్య నలిగాక 70 శాతం తడి. ఇది పట్టించుకోకుండా గ్రాఫ్ గీస్తే పాయింట్లన్నీ ఒక గడి పక్కకి జరుగుతాయి. నలిగినప్పుడు అంచుల్లోంచి బయటికొచ్చిన నీటి చుక్కల్ని తుడిచి, రన్ అయ్యాక మళ్లీ తూచుతున్నాం. ముందు బరువు కంటే తర్వాతి బరువునే నమ్ముతున్నాను.

కొత్త పొడి విలువ 68 సెకన్లు.

27వ రోజు

50 శాతం తడి, రెండు ముక్కలు. ఒకటి 190 సెకన్లు, ఇంకొకటి 260. సందు లేదు, ఆవిరి పోవడం లేదు, ప్లాస్టిక్ పరీక్ష శుభ్రంగా ఉంది. మరి?

మేడమ్ అడిగింది ఒక్కటే ప్రశ్న. "నీళ్లు ఎన్ని ఉన్నాయో తెలుసు. ఎక్కడున్నాయో తెలుసా?"

తెలియదు. అందుకని ఒక ముక్కని బలిచ్చాం. ఆరబెట్టిన వెంటనే పొడవు వెంబడి అయిదు పట్టీలుగా కోసి, ఒక్కోటి మూత ఉన్న బుల్లి సీసాలో వేసి తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచాం. రెండు చివరి పట్టీలు దాదాపు ఎండిపోయాయి. మధ్య పట్టీ 70 శాతం పైన. సగటు 50 అన్నది తూకం చెప్పిన మాట. ఆ పేపర్‌లో 50 శాతం తడి ఉన్న చోటు ఎక్కడో రెండు సన్నటి గీతలంత.

దీని ప్రభావం ఎంతో ఊహించడానికి ఒక మొరటు లెక్క. పేపర్ సగం పొడవు 25 శాతం తడి, మిగతా సగం 75 శాతం అనుకుందాం. సగటు 50. ఆక్సిజన్ రెండు సగాలూ దాటాలి కాబట్టి అడ్డంకులు కలుస్తాయి, ఎక్కువ తడిసిన సగానిదే పెత్తనం. అంతటా సమానంగా 50 శాతం తడిసిన పేపర్‌తో పోలిస్తే ఇందులో వెళ్లే ఆక్సిజన్ మూడో వంతే.

ఇక్కడే వెన్ను జలదరించింది. ప్లేట్ సందు వల్ల ఆక్సిజన్ ఎక్కువ వచ్చినట్టు కనబడుతుంది. నీళ్లు ఒకచోట పోగవడం వల్ల తక్కువ వచ్చినట్టు కనబడుతుంది. 19వ రోజు గ్రాఫ్‌లో రెండూ ఉన్నాయి. ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని, చూడముచ్చటైన గీత గీసి ఇచ్చాయి. పాయింట్లు చెల్లాచెదురుగా పడి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేది.

31వ రోజు

ఆరబెట్టే పద్ధతి మార్చాం. నాలుగు అంచులకీ టేపు చుట్టి, పేపర్‌ని క్లిప్పులతో వేలాడదీసి, రెండు ముఖాల నుంచే ఆరనిస్తున్నాం. ఆక్సిజన్ నడిచేది పొడవు వెంబడి. ముఖాల నుంచి ఆరితే తడి మందం వెంబడి మారొచ్చు గానీ పొడవు వెంబడి మారదు. ఫ్యాన్ కింద కాకుండా మూత పెట్టిన డబ్బాలో, మెల్లగా. 60 శాతానికి రావడానికి గంటల తరబడి పడుతోంది, ఆ టైమ్‌లో థీసిస్‌లో ఒక పేజీ రాసుకోవచ్చు (రాయలేదు). మళ్లీ ఒక ముక్కని బలిచ్చి పట్టీలుగా తూచాం. అయిదు పట్టీలూ సగటుకి అటూ ఇటూ 4 శాతం లోపు.

36వ రోజు

ఇప్పటి కొలతలు. 30 శాతం తడి: 116 సెకన్లు. 50 శాతం: 191, మళ్లీ తీస్తే 196. 60 శాతం: 270. ఘాతం రెండున్నర దగ్గర నిలబడింది. 60 శాతం తడిలో డిఫ్యూజన్ పొడి పేపర్‌లో పదో వంతు.

70 దాటాక నేను గీత గీయను. అక్కడ ఆక్సిజన్ దారులు ఒకదానికొకటి కలవడం మానేస్తాయి, కొంత గాలి నీళ్ల మధ్య చిక్కుకుని ఎటూ కదలకుండా ఉండిపోతుంది. ఘాతంతో నడిచే సూత్రానికి అలా హఠాత్తుగా మూసుకుపోవడం తెలియదు.

ఇంకో మాట రాసి పెట్టుకోవాలి. ఇవన్నీ నిండా నింపి ఆరబెట్టిన పేపర్ మీద కొలతలు. సెల్‌లో నీళ్లు వచ్చేది అలా కాదు. కాటలిస్ట్ (రసాయన చర్య జరిగే పొర) వైపు పుట్టి, పెద్ద రంధ్రాలు వెతుక్కుంటూ పైకి పాకుతాయి, చల్లటి గట్ల కింద ఆవిరి నుంచి నీరుగా మారతాయి. అదే 50 శాతం తడి, వేరే చోట్ల. మా రెండున్నరని ఎవరైనా సిమ్యులేషన్‌లో పెట్టుకుంటే ఆ పక్కనే 'ఆరబెట్టిన పేపర్' అని రాసుకోవాలి. కండెన్సేషన్‌తో తడిపి కొలిచే ఏర్పాటు గురించి ఇప్పుడే గీతలు గీస్తున్నాం.

38వ రోజు

42 శాతం తడి దగ్గర ఒక రన్ అడ్డం తిరిగింది. గ్రాఫ్ మొదట్లోనే దాదాపు రెండు నిమిషాలు చచ్చినట్టు పడుకుని, తర్వాత లేచింది. విప్పి భూతద్దంతో చూస్తే సెన్సర్ కొన మీద చిన్న చుక్క. అర మిల్లీమీటరు నీళ్లు దాటడానికి ఆక్సిజన్‌కి రెండు నిమిషాలు పడుతుంది, సరిగ్గా సరిపోయింది. తుడిచి మళ్లీ తీస్తే గీత మీదికే వచ్చింది. సెన్సర్‌ని ఇక నుంచి కింద నుంచి కాకుండా పక్క నుంచి, కొన కొంచెం పైకి వంచి బిగిస్తాం.

40వ రోజు

నీళ్లు అంటకుండా టెఫ్లాన్ పట్టించిన పేపర్ మొదలుపెట్టాం. అదే వాక్యూమ్, అదే 5 కిలోపాస్కల్. తీసి తూచితే తడి 61 శాతమే. టెఫ్లాన్ ఉన్న రంధ్రాలు నీళ్లని రానివ్వడం లేదు, వచ్చినవాటిని కూడా గాలి వదలగానే కొన్నిచోట్ల వెనక్కి నెట్టేస్తున్నట్టుంది. నీళ్లలో ఆల్కహాల్ కలిపితే నిండుతుంది గానీ తర్వాత దాన్ని పూర్తిగా కడిగి నీళ్లతో మార్చాలి, లేకపోతే ఆరేటప్పుడు ముందు ఆల్కహాల్ పోతుంది, తూకం అబద్ధం చెబుతుంది.

రేపటికి మూడు ముక్కలు ఆల్కహాల్ నీళ్లలో నానబెట్టాం. ఒకటి ఇంకా పైనే తేలుతోంది. జాలీ మీద ఇంకో బోల్టు పెట్టి వచ్చాను.